క్వాడ్రిక్ సర్ఫేస్ సమీకరణం ఇస్తే దాని మీద పాయింట్లు ఎలా పట్టుకోవాలి

ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది: "సమీకరణం ఒక్కటే ఇచ్చారు, తెలియనివి మూడున్నాయి, ఇక సాల్వ్ చేసేదెలా?" (క్వాడ్రిక్ సర్ఫేస్ అంటే ఎక్స్, వై, జెడ్ మూడింటిలో రెండో ఘాతం దాకా ఉన్న సమీకరణంతో వచ్చే త్రీడీ ఉపరితలం, గోళం లాంటిది.) సాల్వ్ చెయ్యక్కర్లేదండీ, తికమక అంతా అక్కడే ఉంది. ఒక సమీకరణంలో మూడు తెలియనివి ఉన్నాయంటే జవాబు ఒకటి కాదు, సర్ఫేస్ నిండా జవాబులే. రెండు విలువలు మీరు మీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకుంటే మూడోది ఒక మామూలు వర్గ సమీకరణం నుంచి దిగుతుంది. ఇంతే అసలు విషయం, మిగతాదంతా ఏ రెండు పెట్టుకోవాలి, ఎప్పుడు బెడిసికొడుతుంది, వచ్చింది సరైనదో కాదో ఎలా చూసుకోవాలి అన్నదే.

కావాల్సినవి: కాగితం, పెన్ను, కాలిక్యులేటర్. పాయింట్లు వందల్లో కావాలంటే ఎక్సెల్ గానీ పైథాన్ గానీ. బొమ్మ చూసుకోడానికి జియోజిబ్రా 3డి ఉంటే చాలా మంచిది, సమీకరణం ఉన్నది ఉన్నట్టు టైప్ చేస్తే సర్ఫేస్ గీసి చూపిస్తుంది. వర్గ సమీకరణానికి మూలాల సూత్రం, వర్గం పూర్తి చెయ్యడం ఈ రెండూ వచ్చి ఉండాలి, నాలుగో స్టెప్‌కి సైన్, కాస్‌లు, ఐదో స్టెప్ నుంచి కాస్త డిఫరెన్షియేషన్ కావాలి, అంతకంటే థియరీ అక్కర్లేదు.

చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్తాను, మీరూ పక్కన కాగితం మీద చేస్తూ రండి:

2ఎక్స్² + వై² + జెడ్² + 2ఎక్స్·జెడ్ − 4వై − 5 = 0

1. అంతా ఒక పక్కకి తెచ్చి దానికి ఎఫ్ అని పేరు పెట్టండి

కుడిపక్క సున్నా మాత్రమే మిగలాలి. ఎడమపక్క ఉన్నదంతా ఎఫ్. ఇక నుంచి "పాయింట్ సర్ఫేస్ మీద ఉందా" అంటే "ఆ విలువలు వేస్తే ఎఫ్ సున్నా అవుతుందా" అని అర్థం. ఈ పని చిన్నదే కానీ చాలామంది చెయ్యరు, సగం పదాలు అటు సగం ఇటు ఉంచుకుని గుర్తులు తారుమారు చేసుకుని అరగంట తర్వాత ఎక్కడ తప్పు పోయిందో వెతుక్కుంటుంటారు.

ఇంకోటి, ఏ అక్షరం అసలు కనబడట్లేదో చూడండి. ఎక్స్² + వై² = 9 ఇస్తే "ఇది వృత్తం కదా, జెడ్ సున్నా పెట్టేస్తా" అనుకుంటారు. త్రీడీలో ఇది వృత్తం కాదు, స్థూపం. జెడ్ లేదంటే జెడ్ సున్నా అని కాదు, జెడ్ ఏదైనా పర్లేదని. (3, 0, 0) ఎంత కరెక్టో (3, 0, 1000) కూడా అంతే కరెక్టు.

2. అసలు పాయింట్లు ఉన్నాయా చూసుకోండి

వినడానికి వింతగా ఉంటుంది గానీ ఖాళీ సర్ఫేస్‌లు కూడా ఉంటాయి. ఎక్స్² + వై² + జెడ్² − 2ఎక్స్ + 4వై + 6 = 0 తీసుకోండి, చూడ్డానికి గోళంలాగే ఉంది. వర్గాలు పూర్తి చేస్తే (ఎక్స్ − 1)² + (వై + 2)² + జెడ్² = −1 వస్తుంది. మూడు వర్గాలు కలిపితే మైనస్ ఎలా వస్తుంది, రాదు, కాబట్టి ఒక్క పాయింట్ కూడా లేదు. అదే చివర్లో 6 బదులు 5 ఉంటే కుడిపక్క సున్నా అవుతుంది, అప్పుడు మొత్తం సర్ఫేస్ అంతా (1, −2, 0) అనే ఒకే ఒక్క చుక్క. 4 ఉంటే మామూలు గోళం, వ్యాసార్ధం 1. చివరి అంకె ఒకటి మారితే కథ మొత్తం మారిపోతుంది, అందుకే ముందు ఇది చూసుకోమంటున్నా.

మన ఉదాహరణలో ఎక్స్·జెడ్ పదం ఉంది కదా, దాన్ని ఒక ఎక్స్²తో, జెడ్²తో కలిపేస్తే (ఎక్స్ + జెడ్)² అయిపోతుంది. వై సంగతి కూడా చూస్తే:

ఎక్స్² + (వై − 2)² + (ఎక్స్ + జెడ్)² = 9

కుడిపక్క పాజిటివ్, పాయింట్లు ఉన్నాయి. పైగా మూడు వర్గాల మొత్తం 9 దాటదు కాబట్టి ఇది మూసుకుపోయిన సర్ఫేస్, అంటే ఎలిప్సాయిడ్ (గుడ్డులా సాగిన గోళం).

3. రెండు పెట్టుకోండి, మూడోది తీయండి

ఎక్స్, వై విలువలు మీరు ఎంచుకుని ఎఫ్‌ని జెడ్‌లో వర్గ సమీకరణంగా రాయండి. మనదాంట్లో

జెడ్² + (2ఎక్స్)·జెడ్ + (2ఎక్స్² + వై² − 4వై − 5) = 0

ఎక్స్ = 1, వై = 0 వేస్తే జెడ్² + 2జెడ్ − 3 = 0, మూలాలు 1, −3. రెండు పాయింట్లు వచ్చేశాయి: (1, 0, 1), (1, 0, −3). రెండూ రాసుకోండి. ప్లస్సు మూలం ఒక్కటే తీసుకుని సర్ఫేస్‌లో సగం మాయం చేసినవాళ్ళు చాలామంది, గ్రాఫ్ గీస్తే గుడ్డు బదులు బోర్లించిన గిన్నె వస్తుంది, అప్పుడు సమీకరణాన్ని తిడతారు.

ప్రతిసారీ అంకెలు వేసి మళ్ళీ మొదట్నుంచి చెయ్యక్కర్లేదు, ఒకసారి సూత్రం తీసి పెట్టుకోండి:

జెడ్ = −ఎక్స్ ± √(9 − ఎక్స్² − (వై − 2)²)

రూట్ లోపల ఉన్నదే అంతా చెప్పేస్తుంది. అది పాజిటివ్ అయితే రెండు పాయింట్లు, సున్నా అయితే ఒక్కటి, నెగెటివ్ అయితే ఆ ఎక్స్, వై మీద సర్ఫేస్ లేదు. ఇక్కడ ఎక్స్, వై తలంలో (0, 2) కేంద్రంగా వ్యాసార్ధం 3 ఉన్న వృత్తం లోపలే ఎంచుకోవాలన్నమాట. ఎక్స్ = 2, వై = 0 అయితే లోపల 1, జెడ్ = −1 లేదా −3. ఎక్స్ = 3, వై = 2 అయితే లోపల సున్నా, జెడ్ = −3 ఒక్కటే. ఎక్స్ = 3, వై = 0 అయితే −4, ఏమీ లేదు. నెగెటివ్ వచ్చిందంటే మీ లెక్క తప్పని కాదు, సమీకరణం తప్పని అంతకంటే కాదు, మీరు ఎంచుకున్న చోటు బయట ఉంది అంతే, ఇంకో చోటు ఎంచుకోండి.

మూడోదిగా జెడ్‌నే తీసుకోవాలని రూలేం లేదు. ఏ అక్షరానికి వర్గం లేకుండా ఒట్టి మొదటి ఘాతమే ఉందో దాన్ని తీసుకుంటే రూట్ గొడవే ఉండదు. జెడ్ = ఎక్స్² − వై² లాంటివి అయితే అసలు పనే లేదు, అంకెలు వెయ్యడం రాసుకోవడం. వర్గాలే లేనివి కూడా వస్తాయి, ఉదాహరణకి ఎక్స్·వై + వై·జెడ్ + జెడ్·ఎక్స్ = 1. దీంట్లో జెడ్ = (1 − ఎక్స్·వై)/(ఎక్స్ + వై), కాబట్టి ఎక్స్ = 1, వై = 2 అయితే జెడ్ = −1/3. ఎక్స్ + వై సున్నా అయ్యేలా మాత్రం ఎంచుకోవద్దు, వై = −ఎక్స్ పెడితే పైన 1 + ఎక్స్² మిగులుతుంది, అది ఎప్పటికీ సున్నా కాదు, అక్కడ పాయింట్ లేదు. పైనా కిందా రెండూ సున్నా అయ్యే సమీకరణాలు వేరే ఉంటాయి, అప్పుడు జెడ్ ఏదైనా సరే, నిలువు గీత మొత్తం సర్ఫేస్ మీదే ఉన్నట్టు.

మొదటి పాయింట్ కోసం తడుముకుంటుంటే అక్షాల మీద చూడండి. ఎక్స్ = జెడ్ = 0 పెడితే మనకి వై² − 4వై − 5 = 0, అంటే వై = 5 లేదా −1. (0, 5, 0), (0, −1, 0) రెండూ నోటి లెక్కతోనే వచ్చాయి.

4. గ్రాఫ్‌కి సరిపడా పాయింట్లు కావాలంటే

ఎక్స్, వైలకి గడులు వేసి ప్రతి గడికీ జెడ్ తీస్తే పని అవుతుంది కానీ అంచుల దగ్గర ఖాళీలు కనబడతాయి, ఎందుకంటే అక్కడ ఎక్స్ కొంచెం కదిలితే జెడ్ చాలా దూరం దూకుతుంది. గడులు ఇంకా సన్నం చేస్తూ పోతే ఖాళీలు తగ్గుతాయి తప్ప పోవు. దానికంటే కోణాలు వాడుకోవడం మేలు. మన సర్ఫేస్ మూడు వర్గాల మొత్తం 9 అని తేలింది కదా, కాబట్టి

ఎక్స్ = 3·సైన్ ఫై·కాస్ థీటా
వై = 2 + 3·సైన్ ఫై·సైన్ థీటా
జెడ్ = 3·కాస్ ఫై − ఎక్స్

థీటా 0 నుంచి 360 డిగ్రీలు, ఫై 0 నుంచి 180. ఏ కోణం వేసినా పాయింట్ సర్ఫేస్ మీదే పడుతుంది, రూట్ లేదు, నెగెటివ్ భయం లేదు. చివరి వరసలో "− ఎక్స్" మర్చిపోవద్దు, మూడో వర్గం లోపల ఉన్నది జెడ్ కాదు, ఎక్స్ + జెడ్. పైథాన్ అయినా ఎక్సెల్ అయినా సైన్, కాస్‌లకి రేడియన్లు ఇవ్వాలని కూడా గుర్తుంచుకోండి, 90 అని వేస్తే అది 90 రేడియన్లు అనుకుంటుంది. తమాషా ఏంటంటే రేడియన్ల తప్పు చేసినా పాయింట్లు సర్ఫేస్ మీదే ఉంటాయి, కాకపోతే మీరనుకున్న చోట ఉండవు, అందుకే ఈ తప్పు ఎఫ్ చెక్‌లో దొరకదు.

ఇంకో చిన్న ఇబ్బంది, రెండు ధ్రువాల దగ్గర (ఫై 0, 180 అయ్యే చోట్ల) పాయింట్లు గుంపుగా చేరతాయి. ఫై బదులు కాస్ ఫైని −1 నుంచి 1 దాకా సమానంగా పంచితే గుంపు విడిపోతుంది. గోళానికి ఇది సరిగ్గా సమానంగా పంచినట్టే అవుతుంది, ఎలిప్సాయిడ్‌కి సాగదీసినంత మేర తేడా ఉంటుంది, బొమ్మ వరకైతే చాలు.

హైపర్బొలాయిడ్లకి (వర్గాల్లో కొన్నిటికి ప్లస్, కొన్నిటికి మైనస్ ఉండి, మూసుకుపోకుండా సాగిపోయే సర్ఫేస్‌లకి) కోణం ఒకటే వాడి జెడ్‌ని చేత్తో ఎంచుకోండి. ఎక్స్²/ఏ² + వై²/బీ² − జెడ్²/సీ² = 1 అయితే జెడ్ ఏదైనా పెట్టుకోవచ్చు, ఆర్ = √(1 + జెడ్²/సీ²) తీసి ఎక్స్ = ఏ·ఆర్·కాస్ థీటా, వై = బీ·ఆర్·సైన్ థీటా. ఎడమపక్క గుర్తులన్నీ తిరగబడి జెడ్²/సీ² ఒక్కటే ప్లస్‌లో ఉంటే అది రెండు ముక్కల హైపర్బొలాయిడ్, ఆర్ = √(జెడ్²/సీ² − 1), కాబట్టి జెడ్ −సీకి సీకి మధ్యలో ఉండకూడదు. కింద ముక్కని మర్చిపోవడం ఇక్కడ మామూలే. కుడిపక్క 1 బదులు సున్నా ఉంటే శంకువు, ఆర్ అంటే జెడ్/సీ మాత్రమే.

5. రూట్లు లేని అందమైన పాయింట్లు కావాలా, గీత వెయ్యండి

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది, క్లాసుల్లో ఎందుకో దీని మీద ఎక్కువసేపు ఉండరు. పరీక్ష పేపర్ తయారుచేసేవాళ్ళకీ, ఖచ్చితమైన భిన్నాలు కావాల్సినవాళ్ళకీ దీన్ని మించింది లేదు.

భిన్నాల్లో ఉన్న ఒక్క పాయింట్ మీ చేతిలో ఉంటే చాలు. అక్కణ్ణుంచి ఏదో ఒక దిశలో గీత వెయ్యండి, ఆ గీత సర్ఫేస్‌ని ఇంకోచోట తాకుతుంది. వర్గ సమీకరణంలో ఒక మూలం ముందే తెలుసు కాబట్టి రెండోది భాగహారంతోనే వచ్చేస్తుంది, రూట్ అవసరం రాదు.

మొదట గ్రేడియంట్ తీయండి, అంటే ఒక్కో అక్షరంతో విడివిడిగా డిఫరెన్షియేట్ చెయ్యడం: (4ఎక్స్ + 2జెడ్, 2వై − 4, 2ఎక్స్ + 2జెడ్). మన (1, 0, 1) దగ్గర ఇది (6, −4, 4). ఇప్పుడు దిశ (1, 1, 0) అనుకుందాం.

ఎల్ = గ్రేడియంట్‌ని దిశతో జతగా గుణించి కూడితే 6 − 4 + 0 = 2.
క్యూ = ఎఫ్‌లో రెండో ఘాతం పదాల్లో మాత్రమే దిశని వేస్తే 2 + 1 + 0 + 0 = 3. మొదటి ఘాతం పదాలు, −5 ఇందులో కలపకూడదు, ఎక్కువమంది జారేది ఇక్కడే.
టీ = −ఎల్/క్యూ = −2/3.

కొత్త పాయింట్ = పాతది + టీ × దిశ = (1/3, −2/3, 1). వేసి చూడండి: 2/9 + 4/9 + 1 + 2/3 + 8/3 − 5 = 0. దిశ (0, 1, −1) తీసుకుంటే ఎల్ = −8, క్యూ = 2, టీ = 4, పాయింట్ (1, 4, −3), పూర్ణాంకాలే. దిశ (1, 0, −1) అయితే (−1, 0, 3).

ఎల్ సున్నా వస్తే గీత స్పర్శరేఖ అన్నమాట, పాత పాయింటే మళ్ళీ వస్తుంది, దిశ మార్చండి. క్యూ సున్నా వస్తే ఆ గీత ఇంకోచోట తాకదు, మళ్ళీ దిశ మార్చడమే. రెండూ సున్నా అయితే మాత్రం పండగే, గీత మొత్తం సర్ఫేస్ మీదే పడుకుని ఉంది. ఎక్స్² + వై² − జెడ్² = 1 మీద (1, 0, 0) నుంచి (0, 1, 1) దిశలో వెళ్ళి చూడండి, (1, టీ, టీ) ఏ టీకైనా సరిపోతుంది. వంపు తిరిగిన సర్ఫేస్ నిండా తిన్నని గీతలు! రష్యన్ ఇంజనీర్ వ్లదీమిర్ షుఖోవ్ 1896లో నీజ్నీ నోవ్‌గొరోద్ ఎగ్జిబిషన్‌లో తిన్నని ఉక్కు కడ్డీలతోనే హైపర్బొలాయిడ్ టవర్ కట్టి చూపించింది ఈ గుణం వల్లే.

ఒక హెచ్చరిక, అందమైన మొదటి పాయింట్ ప్రతి సమీకరణానికీ ఉండదు. ఎక్స్² + వై² + జెడ్² = 7 మంచి గోళమే, పాయింట్లకి కొదవే లేదు, కానీ మూడు కోఆర్డినేట్లూ పూర్ణాంకాలు గానీ భిన్నాలు గానీ అయిన పాయింట్ దాని మీద ఒక్కటీ లేదు, అది నిరూపించేసిన విషయం. 9 అయితే (1, 2, 2) చటుక్కున దొరుకుతుంది. కాసేపు వెతికి దొరక్కపోతే మూడో స్టెప్‌కి వెళ్ళి దశాంశాలతో సరిపెట్టుకోండి.

6. పాయింట్ దగ్గర్లో ఉంది, కానీ సర్ఫేస్ మీద లేదు

కొలతల నుంచి వచ్చిన పాయింట్లతో ఇలా అవుతుంది. అప్పుడు పాయింట్‌ని గ్రేడియంట్ వెంబడి లాగండి: పాయింట్ నుంచి (ఎఫ్ ÷ గ్రేడియంట్ పొడవు వర్గం) × గ్రేడియంట్ తీసేయండి, అవసరమైతే మళ్ళీ. (1, 1, 1) దగ్గర ఎఫ్ = −3, గ్రేడియంట్ (6, −2, 4), పొడవు వర్గం (మూడు ముక్కల వర్గాల మొత్తం) 56. ఒక్కసారి లాగితే (1.3214, 0.8929, 1.2143), ఎఫ్ 0.40కి వచ్చింది. రెండోసారికి 0.0045. మూడు నాలుగు సార్లు చాలు. ఇలా వచ్చింది సర్ఫేస్ మీద పాయింటే గానీ అచ్చంగా అతి దగ్గరి పాయింట్ అని మాత్రం అనుకోవద్దు, దాదాపు దగ్గరిది. గ్రేడియంట్ సున్నా అయ్యే చోట, అంటే కేంద్రం దగ్గర, శంకువు మొన దగ్గర ఇది పని చెయ్యదు.

ఎక్కువగా జరిగే తప్పులు

ఎక్సెల్‌లో =-3^2 అని కొడితే 9 వస్తుంది, పైథాన్‌లో -3**2 కొడితే −9. ఒకే సమీకరణం రెండుచోట్లా రెండు రకాలుగా వచ్చిందని బుర్ర బద్దలు కొట్టుకునేది దీని వల్లే. బ్రాకెట్లు పెట్టండి, బద్ధకించొద్దు.

మ్యాట్రిక్స్‌గా రాసేటప్పుడు ఎక్స్·జెడ్ ముందున్న 2ని సగం చేసి రెండుచోట్ల 1, 1 అని వెయ్యాలి. రెండుచోట్లా 2 వేస్తే మీరు రాసింది 4ఎక్స్·జెడ్ అవుతుంది, సర్ఫేస్ రకమే మారిపోతుంది, మన ఎలిప్సాయిడ్ కాస్తా ఒక ముక్క హైపర్బొలాయిడ్ అయిపోతుంది.

ఎక్స్² = ఎక్స్·జెడ్ లాంటిదాన్ని ఎక్స్‌తో కొట్టేసి ఎక్స్ = జెడ్ అని రాయడం. ఎక్స్ = 0 అనే తలం మొత్తం పోయింది అక్కడ.

అంచు దగ్గర రూట్ లోపల సున్నా రావాల్సింది కంప్యూటర్ −0.0000000000000004 అని ఇస్తుంది, నంపై (పైథాన్ లెక్కల లైబ్రరీ) అయితే నాన్, అంటే "అంకె కాదు" అని చూపిస్తుంది. అంత చిన్న నెగెటివ్ అయితే సున్నా చేసేయండి, కానీ −0.3 లాంటిది వస్తే చెయ్యొద్దు, అది నిజంగానే బయట ఉంది.

వచ్చింది సరైనదేనా

విలువలు అసలు సమీకరణంలో వెయ్యండి, మీరు మార్చి రాసుకున్న దాంట్లో కాదు. మార్చేటప్పుడు చేసిన తప్పు మార్చిన సమీకరణంలో ఎప్పటికీ బయటపడదు.

దశాంశాలతో అచ్చంగా సున్నా రాదు, రాకపోతే కంగారుపడక్కర్లేదు. ఎక్స్ = 2, వై = 2 అయితే జెడ్ = −2 + √5, దాన్ని 0.24 అని గుండ్రం చేస్తే ఎఫ్ = 0.0176 వస్తుంది. ఇది పెద్దదా చిన్నదా అంటే ఎఫ్‌ని చూసి చెప్పలేం, ఎందుకంటే సమీకరణం మొత్తాన్ని 1000తో గుణిస్తే అదే పాయింట్‌కి 17.6 వస్తుంది. గ్రేడియంట్ పొడవుతో భాగించండి, ఇక్కడ అది సుమారు 9.59, భాగిస్తే 0.0018. సర్ఫేస్ నుంచి ఇంచుమించు ఇంత దూరంలో ఉన్నారన్నమాట. అదే 0.2361 వేస్తే ఎఫ్ 0.00014కి పడిపోతుంది.

ఇంకో చెక్, పాయింట్లు కూడా ఊరికే వస్తాయి. మూడు గ్రేడియంట్ ముక్కలూ సున్నా అయ్యే చోటు కేంద్రం, మనకి అది (0, 2, 0). ఏ పాయింట్‌నైనా కేంద్రానికి అటుపక్కకి తిప్పితే అది కూడా సర్ఫేస్ మీదే ఉండాలి. (1, 0, 1) తిప్పితే (−1, 4, −1), వేస్తే 2 + 16 + 1 + 2 − 16 − 5 = 0. సున్నా రాకపోతే ముందు కేంద్రం మళ్ళీ లెక్కపెట్టండి, అక్కడే గుర్తు తప్పి ఉంటుంది. పారాబొలాయిడ్లకి (జెడ్ = ఎక్స్² + వై², జెడ్ = ఎక్స్² − వై² లాంటివాటికి) కేంద్రం ఉండదు, వాటితో ఈ చెక్ కుదరదు.